దర్గా దాటి నాలుగడుగులు

"మామూ, ఇక్కడ చూడ్డానికి ఏముంది?"

కువైట్ నుంచి బడి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. వాడికి పదకొండేళ్లు. వచ్చి అప్పటికి పది రోజులైంది. అనంతపురంలో బంధువుల ఇళ్ల దావతులన్నీ ముగిశాయి. గడియార స్తంభం చూపించాం. శిల్పారామం తిప్పాం. ఇక చూపడానికి మాకేమీ తోచలేదు. వాడు మాత్రం ఫోనులో కువైట్ టవర్స్ ఫోటోలు ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటే మా పిల్లలు నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు. "మీ ఊళ్లో ఇలాంటివి లేవా?" అని వాడు ఎగతాళిగా అడిగి ఉంటే నవ్వేసి ఊరుకునేవాళ్లం. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. అందుకే మనసుకు గుచ్చుకుంది.

"మన దగ్గర కరువుంది కదా, అది చూపించండి" అన్నారు మా బావగారు చాయ్ కప్పు కింద పెడుతూ. అందరం నవ్వాం గానీ ఆ నవ్వులో ఉత్సాహం లేదు.

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిదే కాదు. కదిరి, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల నుంచి బతుకుదెరువు కోసం గల్ఫ్ దేశాలకు, బెంగళూరుకు వెళ్లిన కుటుంబాలెన్నో ఉన్నాయి. ఆ పిల్లలకు సొంత ఊరంటే నానీ ఇల్లు, మధ్యాహ్నం పోయే కరెంటు, బిందెల వరుస! ఏడాది పొడవునా కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల వాన మించని పీఠభూమి మనది. ఆ వాన కూడా రావలసినప్పుడు రాదు. ఇలాంటి చోట విహారయాత్ర అనే మాటే మన పెద్దల నోట వినం. ఆడవాళ్లు ఇల్లు కదిలితే పెళ్లికో, పరామర్శకో, లేకపోతే దర్గాకో.

చివరకు దారి చూపింది మా అమ్మీయే. "బాబయ్య దగ్గర నాకో మొక్కు ఉండిపోయింది. పెనుకొండకు పోదాం పదండి. పిల్లలకూ గాలి మారినట్టుంటుంది" అన్నది.

ఆదివారం ఫజర్ నమాజు చదువుకొని వ్యాను ఎక్కాం. పిల్లాపెద్దా కలిసి తొమ్మిది మందిమి. ఒక గిన్నెలో ఉగ్గాని, ఇంకో గిన్నెలో కుష్కా, సంచి నిండా వేయించిన చెనక్కాయలు, రెండు పెద్ద క్యాన్ల నీళ్లు. జూలై నెల. దున్ని పెట్టిన ఎర్రచేలు విత్తనానికి వాన కోసం ఎదురుచూస్తున్నాయి. మబ్బులేమో మా వ్యాను కంటే వేగంగా మా తలల మీదుగా పోతున్నాయి. ఆ గాలికి తట్టుకోలేక ఆపా కిటికీ అద్దం ఎత్తేసింది.

అనంతపురం నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు డెబ్భై కిలోమీటర్లు పోతే పెనుకొండ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పటి నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లాలోని ఊరు. మా అమ్మీకి మాత్రం ఇప్పటికీ అది అనంతపురం జిల్లాయే. పెను అంటే పెద్ద. ఊరికి వెన్నంటి ఉన్న ఆ రాతి కొండను చూస్తే పేరు గురించి వేరే చెప్పనక్కరలేదు. సంస్కృతంలో దీన్నే ఘనగిరి అన్నారు.

మేము దిగింది హజ్రత్ బాబా ఫఖ్రుద్దీన్ దర్గా దగ్గర. జనం నోట బాబయ్య స్వామి. ఆయన గురించి తరతరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. పర్షియా దిక్కున సీస్తాన్ అనే రాజ్యానికి ఆయన రాజట. సింహాసనం వదిలి తిరుచిరాపల్లిలోని నత్తర్ వలీ వద్దకు శిష్యుడిగా చేరారట. గురువు ఆయన చేతికి ఒక మిస్వాక్ పుల్ల ఇచ్చి, రాత్రి ఎక్కడ ఆగితే అక్కడ దీన్ని నేలలో గుచ్చు, ఏ నేలలో ఇది చిగురిస్తుందో అదే నీ చోటు అన్నారట. ఎన్నో ఊళ్లు తిరిగాక ఆ ఎండుపుల్ల పెనుకొండలో చిగురించిందట. ఇది చరిత్ర కాదు, జనం నమ్మిక. అయినా ఈ మెట్ట నేలలో ఎండుపుల్ల చిగురించిందన్న కథ పుట్టడంలోనే ఏదో ఉందనిపించింది మాకు. విత్తనాల కోసం అప్పు తెచ్చి మబ్బు వైపు చూసే రైతుకు ఇంతకంటే దగ్గరి కథ ఇంకేముంటుంది?

దర్గా మర్యాదల విషయంలో మన పాఠకుల్లో వేరువేరు అభిప్రాయాలున్నాయని ఎరుగుదుం. ఆ చర్చకు ఇది చోటు కాదు. మేము సలాం చెప్పి, ఫాతెహా చదివి, మహనీయుని కోసం, మా కోసం అల్లాహ్‌ను వేడుకున్నాం. మా పక్కనే ఒక హిందూ కుటుంబం పసిబిడ్డతో కూర్చొని ఉంది. బిడ్డ పేరు ఏమిటని అమ్మీ అడిగితే ఆ తల్లి, "ఇంకేం పేరు పెడతామమ్మా, బాబయ్యే" అన్నది.

సాధారణంగా మన యాత్ర ఇక్కడితో సరి. చెట్టు నీడన అన్నాలు తిని, గాజులు, బొమ్మలు కొనుక్కొని బండి ఎక్కేస్తాం. మేమూ ఇన్నేళ్లుగా చేసింది అదే. "అమ్మీ, నువ్వు గగన్ మహల్ చూశావా?" అని ఆ రోజు అడిగితే ఆమె తల అడ్డంగా ఊపింది. చిన్నప్పుడు ఎద్దులబండిలో వచ్చినప్పటి నుంచి లెక్కపెడితే ఆమె పెనుకొండకు నలభైసార్లు వచ్చి ఉంటుంది. "అదేదో రాజుల మేడంట. పాములుంటాయని మా అమ్మ పోనిచ్చేది కాదు" అన్నది. నలభైసార్లు వచ్చిన మనిషి ఊళ్లోని మేడ ఎక్కలేదు! నిజం చెప్పాలంటే మేమూ దూరం నుంచి చూసిన వాళ్లమే.

అలా ఆ రోజు దర్గా దాటి నాలుగడుగులు వేశాం.

గగన్ మహల్ ఎదురుగా నిలబడగానే మేనల్లుడు, "మామూ, ఇది మసీదా?" అని అడిగాడు. వాడి తప్పేమీ లేదు. కింది అంతస్తులో వరుసగా కోసు కమానులు, గచ్చుతో తీర్చిన గోడలు. కువైట్‌లో వాడు చూసిన కట్టడాల పోలిక కొంత దొరికింది. కాదు, ఇది విజయనగర రాజుల మహలు అని చెప్పాం.

"వాళ్లు ముస్లింలా?"

"కాదు."

"మరి మన కమానులు ఎందుకు కట్టారు?"

ఇలాంటి ప్రశ్నకు పిల్లవాడికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. అక్కడే మెట్ల మీద కూర్చొని, మాకు తెలిసినంతలో చెప్పాం. మీ పిల్లలూ అడగకపోరు గనుక ఇక్కడా కాస్త వివరంగా రాస్తున్నాం.

1565 జనవరి 23న రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. బీజాపూర్, అహ్మద్‌నగర్, గోల్కొండ, బీదర్ సుల్తానులు ఒక్కటై విజయనగరాన్ని ఓడించారు. అళియ రామరాయలు హతుడయ్యాడు. ఆయన తమ్ముడు తిరుమలరాయలు రాజధాని వదిలి, సదాశివరాయలను, ఖజానాను వెంటబెట్టుకొని ఈ పెనుకొండకు చేరాడు. ఆ సొమ్మంతా 550 ఏనుగుల మీద తరలిందని చరిత్రకారుడు సీవెల్ రాశాడు. అప్పటి నుంచి దాదాపు పాతికేళ్లకు పైగా ఇది రాజధాని. తర్వాతి కాలంలో వెంకటపతి దేవరాయలు చంద్రగిరికి మారేదాకా దక్షిణ దేశంలోని ఎంతో భాగానికి హుకుములు వెళ్లింది ఈ ఊరి నుంచే. రామరాజభూషణుడు వసుచరిత్రను అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. కోట అంతకంటే పాతది. బుక్కరాయల కాలంలో, 1354 ప్రాంతంలో కట్టినట్టు శాసనం ఉంది.

బడి పుస్తకంలో ఈ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా నేర్చుకున్న తరం మాది. బడిలో ఆ పాఠం జరిగిన రోజు వెనక బెంచీలోని వాళ్లు తిరిగి మమ్మల్ని చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. ఆ పాఠం చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. రామరాయలకు వ్యతిరేకంగా చేతులు కలిపిన గోల్కొండ ఇబ్రహీం కుతుబ్ షా అంతకుముందు ఏడేళ్లపాటు ఆ రామరాయల ఆశ్రయంలోనే విజయనగరంలో తలదాచుకున్నాడు. అక్కడే తెలుగు రుచి మరిగాడు. తెలుగు కవులు ఆయన్ను మల్కిభరాముడు అని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకు అంకితమిచ్చాడు. ఇంకా వెనక్కి వెళితే, రెండవ దేవరాయలు తన సైన్యంలో ముస్లిం విలుకాండ్రను, రౌతులను చేర్చుకొని, వారికి మసీదు కట్టించి, వారు సలాం చేయడానికి వీలుగా సింహాసనం ముందు ఖురాన్ ఉంచాడని ఫెరిస్తా రాశాడు. 1439 నాటి అహ్మద్ ఖాన్ శాసనం ఉన్న కట్టడం హంపీలో నేటికీ ఉంది.

కమానులు అలా వచ్చాయి. పనివాళ్లు వచ్చారు, పనితనం వచ్చింది. నచ్చిన రాజులు కట్టించుకున్నారు. రాజ్యాల తగాదాలు ఒక దారిన పోతుంటే మేస్త్రీల తాపీ ఇంకో దారిన పోయింది. మేనల్లుడు ఎంతవరకు పట్టుకున్నాడో గానీ, "అంటే కొట్లాడినా ఇళ్లు మాత్రం ఒకేలా కట్టుకున్నారన్నమాట" అన్నాడు. మేము అరగంట చెప్పింది వాడు ఒక్క మాటలో తేల్చేశాడు.

మహలులో పై అంతస్తుకు వెళ్లే వీలుంటుందా లేదా అన్నది ముందుగా అక్కడివారిని అడిగి తెలుసుకోవడం మంచిది. పైనుంచి చూస్తే ఊరు, కొండ, దూరంగా రైలు దారి కనిపిస్తాయి. అమ్మీ మోకాళ్ల నొప్పితో కింది మెట్ల మీదే ఉండిపోయింది. ఆ కమాను నీడలో కూర్చొని చెనక్కాయలు ఒలుస్తూ, "యా అల్లాహ్, ఇంత చల్లని చోటు పెట్టుకొని ఇన్నేళ్లూ ఎండలో కూర్చున్నామే" అన్నది.

ఇంకా చూడవలసినవి ఉన్నాయి. రాతితో కట్టిన షేర్ ఖాన్ మసీదు ఈ ఊళ్లోదే. దర్గాకు వచ్చే జనంలో దాని పేరు విననివారు ఎంతో మంది ఉంటారు. పక్కపక్కనే కట్టిన రాముడి గుడి, శివుడి గుడి ఉన్నాయి. పచ్చరాతి పార్శ్వనాథుడున్న జైన ఆలయానికి దూర ప్రాంతాల నుంచి జైనులు వస్తారు. జైనులు తమ నాలుగు విద్యాపీఠాలలో ఒకటిగా పెనుకొండను చెప్పుకుంటారు. మంత్రి తిమ్మరుసును బంధించిన చెర ఇదేనని ఒక కట్టడాన్ని చూపిస్తారు. అది నిజమో కాదో గానీ, ఆ కథ విన్న మా చిన్నది మాత్రం లోపలికి అడుగు పెట్టలేదు. ఏడాదికి ఎన్ని రోజులో ఈ ఊళ్లో అన్ని గుళ్లుండేవని స్థానికులు అంటారు. మేము లెక్కపెట్టలేదు లెండి.

ఒక మాట బాధతో రాయక తప్పదు. 550 ఏనుగుల ఖజానా కథ ఈ ఊరికి శాపమైంది. గుప్తనిధుల ఆశతో రాత్రిళ్లు గోడల మొదళ్లు, విగ్రహాల పీఠాలు తవ్వే ముఠాల వార్తలు పెనుకొండ నుంచి ఎన్నోసార్లు వచ్చాయి. కొండ దారిలో ఒకచోట పెకలించి పడేసిన రాళ్లను మేమూ చూశాం. ఖజానా దొరికిందన్న మాట మాత్రం ఎక్కడా వినలేదు. నాలుగు వందల ఏళ్ల వానకూ ఎండకూ నిలిచిన గోడ ఒక గడ్డపారకు నిలవకపోతే ఎలా?

జుహర్ నమాజు ఊళ్లోని మసీదులో చదువుకొని, అన్నాలు తిని, పిల్లలను కుంభకర్ణుడి తోటకు తీసుకెళ్లాం. వంద అడుగులకు మించిన భారీ విగ్రహం, వెల్లకిలా పడుకున్న కుంభకర్ణుడు. చరిత్రతో విసిగిన పిల్లలకు అక్కడ ప్రాణం లేచివచ్చింది. విగ్రహం చుట్టూ పరుగులే పరుగులు. మా బావగారు కూడా ఒక చెట్టు కింద దాదాపు అదే భంగిమలో నిద్రపోయారు.

బసవన్న బావి దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. నంది రూపంలో మలిచిన ద్వారం గుండా మెట్లు దిగే పాతకాలపు బావి అది. మేనల్లుడు లోపలికి తొంగి చూసి, "బావిలో చూడ్డానికేముంది?" అన్నాడు. అప్పుడు మేము, "మీ కువైట్ టవర్స్ ఏమిటో తెలుసా నీకు?" అని అడిగాం. "పైన హోటలుంది, తిరిగే అంతస్తుంది" అన్నాడు గర్వంగా. "అవి నీళ్ల ట్యాంకులు నాయనా!" అంటే నమ్మలేదు. వాడి అబ్బా వైపు చూశాడు. బావగారు అవునన్నట్టు తలూపారు. 1979లో ప్రారంభమైన ఆ మూడు బురుజుల్లో ఎత్తైనది 187 మీటర్లు. వాటి గుండ్రటి గోళాల్లో నింపేది సముద్రం నుంచి ఉప్పు తీసిన మంచినీళ్లు. ఆ వసతి రాకముందు ఆ దేశం దాహం తీరింది, షత్తుల్ అరబ్ నది నుంచి చెక్క పడవల్లో మోసుకొచ్చిన నీళ్లతో. నీళ్లు లేని ఊరు గనుకనే నీళ్ల ట్యాంకును లోకమంతా చూడదగ్గ వింతగా కట్టుకుంది. నీళ్లు లేని మన పీఠభూమిలోనూ బావి ద్వారాన్ని ఇలా శిల్పంగా చెక్కుకున్నారు. వాడు మళ్లీ బావిలోకి తొంగి చూశాడు. ఈసారి కాస్త ఎక్కువసేపు.

సాయంత్రం తిరుగు దారిలో కోట ఉత్తర ద్వారం చూశాం. ఎర్రమంచి దర్వాజా అంటారు. అక్కడ పదకొండు అడుగుల ఆంజనేయ విగ్రహం ఉంది. ఆ ఎర్రమంచి పక్కనే 2019లో కియా కార్ల కర్మాగారం తెరుచుకుంది. ఆపా కొడుకుకు కోట కంటే ఆ షెడ్ల వరుసే ఎక్కువ నచ్చిందని దాచకుండా చెప్పాలి. "ఇక్కడ కార్లు చేస్తారా? మన ఊళ్లోనా?" అని పదిసార్లు అడిగాడు. దానికీ నీళ్లు కావాలి కదా! ఆ నీళ్లు గొల్లపల్లి జలాశయం నుంచి వస్తాయి. ఎక్కడో శ్రీశైలం వెనక నిలిచిన కృష్ణా జలాలు హంద్రీ–నీవా కాలువలో మెట్టు మెట్టుగా పంపులతో పైకెక్కి ఇక్కడికి చేరుతున్నాయి. ఈ జలాశయం 2016లో నీళ్లు చూసింది.

చీకటి పడకముందే అక్కడికి చేరాలని వ్యాను డ్రైవరును తొందరపెట్టింది అమ్మీయే. వానాకాలం వరద ఇంకా రాలేదు. నీళ్లు గట్టుకు దూరంగా, కిందికి దిగి ఉన్నాయి. మా అంచనాకు అదేమంత గొప్ప దృశ్యం కాదు. అయినా ఆదివారం గనుక చుట్టుపక్కల పల్లెల నుంచి ఎన్నో కుటుంబాలు వచ్చి గట్టు పొడవునా కూర్చున్నాయి. వేరే పనేమీ లేదు. నీళ్లు చూస్తున్నారు, అంతే. బొరుగులమ్మే అతను అటూ ఇటూ తిరుగుతున్నాడు. మగ్రిబ్‌కు గట్టు మీదే దుప్పటి పరుచుకున్నాం. దగ్గరలో కూర్చున్నవాళ్లు చెప్పకుండానే పాటలు ఆపి, మాకు చోటిచ్చి జరిగారు.

అమ్మీ చాలాసేపు ఆ నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నది. పెళ్లైన కొత్తలో ఒక కరువు ఏడాది రెండు మైళ్ల దూరం నుంచి బిందె మోసుకొచ్చిన సంగతి చెప్పింది. ఎన్నోసార్లు విన్న కథే. మేనల్లుడు మాత్రం మొదటిసారి విన్నాడు.

వెళ్లాలనుకునే వారి కోసం నాలుగు మాటలు. పెనుకొండకు గుంతకల్లు–బెంగళూరు మార్గంలో రైల్వే స్టేషను ఉంది. అనంతపురం, హిందూపురం, ధర్మవరం నుంచి బస్సులున్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో వెళ్లకండి, రాళ్లు నిప్పుల్లా కాలుతాయి. ఉర్సు రోజుల్లో జన సందోహం చూడాలంటే వెళ్లవచ్చు గానీ కట్టడాలు తీరిగ్గా చూడాలంటే మామూలు రోజే మేలు. ఉర్సు చాంద్రమాసాన్ని బట్టి ఏటా ముందుకు జరుగుతుంది, కనుక్కొని బయలుదేరాలి. కొండ ఎక్కాలనుకుంటే పొద్దున్నే మొదలుపెట్టండి. పైన నరసింహస్వామి గుడి, కూలిన బురుజులు ఉన్నాయి. మంచినీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి. ఆడవాళ్లకు, ముసలివాళ్లకు కావలసిన వసతులు అన్ని చోట్లా దొరకవు. మేము మధ్యలో ఆగిన ఒక హోటల్లో మరుగుదొడ్డికి తాళం వేసి, తాళంచెవి ఇంటి దగ్గర ఉందన్నారు! ఒక రోజు మిగిలితే అక్కడికి దాదాపు ముప్పై అయిదు కిలోమీటర్లలో లేపాక్షి ఉంది. నేలకు ఆనని స్తంభం కింద నుంచి బట్ట లాగి చూడడం పిల్లలకు సరదా. మేము దాన్ని ఇంకోసారికి ఉంచుకున్నాం.

మేనల్లుడు సెలవులు ముగించుకొని వెళ్లిపోయాడు. అక్టోబరులో ఒక జుమా రోజు ఫోను చేశాడు. సలాం కాగానే, "మామూ, గొల్లపల్లిలో నీళ్లు గట్టు దాకా వచ్చాయా?" అని అడిగాడు. వచ్చాయని చెప్పాం. "నానీ చూసిందా?" అన్నాడు. ఇంకా లేదంటే, "అయితే ఈ ఆదివారం తీసుకెళ్లండి. ఫోటో తీసి పంపండి. ఇక్కడ మా క్లాసులో చూపించాలి" అన్నాడు.